తక్కువ ధరకి పెద్ద కంపెనీ లిప్‌స్టికా? ముందు స్టిక్కరు చూడండి!

"పన్నెండు మ్యాక్ లిప్‌స్టిక్కులు... అన్నీ కలిపి 1,299 రూపాయలు మాత్రమే! ఈ రాత్రి పన్నెండింటి వరకే!"

ఫోన్లో ఈ ప్రకటన కనిపించగానే నా చెయ్యి ఆగలేదండీ. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. మ్యాక్ లిప్‌స్టిక్ ఒక్కటే ఇంచుమించు రెండు వేల రూపాయలు. పన్నెండు కలిపి 1,299 అంటే ఒక్కోటి నూట ఎనిమిది రూపాయలు! తులం బంగారం ఐదు వేలకిస్తానని ఎవడైనా వస్తే గుమ్మంలోంచే పంపించేస్తాం కదా. మరి లిప్‌స్టిక్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయిందో!

సంగతేమిటంటే, పోయినేడు వైశాఖంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మేనమామ ఇంటి నుంచి పెట్టే సామాన్లలో ఏం కావాలే అని అడిగితే, "అత్తయ్యా, చీర ఏదైనా ఫరవాలేదు గానీ నాకు మ్యాక్ లిప్‌స్టిక్ ఒకటి కొనిపెట్టవా?" అంది పిల్ల. హైదరాబాద్‌లో చదువుకుంది, స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళలో చూసింది. ఒక్కగానొక్క కోరిక. బ్లౌజులు కుట్టగా దాచుకున్న డబ్బులున్నాయి, సరే అన్నాను.

మాది పినపాక. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క అడవి, ఒక పక్క గోదావరి. పెద్ద కొనుగోలంటే మణుగూరు బస్సెక్కుతాం. అక్కడా దొరక్కపోతే ఖమ్మం, అది వంద కిలోమీటర్ల పైమాట. ఇక మ్యాక్ లాంటి కంపెనీ షాపు గడప తొక్కాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. రానూపోనూ చార్జీలు, తిండి ఖర్చు లెక్కేసుకుంటే లిప్‌స్టిక్ ధర రెట్టింపవుతుంది. పట్నం వాళ్ళకి ఆన్‌లైన్ కొనుగోలు ఒక సరదా కావచ్చు, మాలాంటి వాళ్ళకి మాత్రం ఉన్న ఒక్క షాపూ అదే. అందుకే మనం మోసపోకుండా కొనడం నేర్చుకోవాలి గానీ, "ఆన్‌లైన్ జోలికే పోవద్దు" అనే సలహా మనకి పనికిరాదు.

పార్సెల్ వచ్చింది. పెట్టె తళతళలాడుతోంది. డబ్బు సరుకు వచ్చాకే ఇస్తున్నాం కాబట్టి మోసం ఏముంటుందని నా ధీమా. కానీ పార్సెల్ అబ్బాయి చేతిలో డబ్బు పెట్టాకే కదా పెట్టె విప్పేది! ఆ ధీమాలో అర్థం లేదని తర్వాత తెలిసింది.

పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుందనగా పిల్ల సాయంత్రం ఒక రంగు రాసి చూసుకుంది. తెల్లారేసరికి పెదాలు వాచిపోయి, మంట, చిన్నచిన్న పొక్కులు. ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, ఏం పంపించావు నువ్వు?" అని ఒక్క మాటే అంది. తిట్టినా బాగుండేది. డాక్టరు చూసి ఎలర్జీ అన్నారు, మందులిచ్చి, వారం రోజులు పెదాలకి ఏమీ పూయొద్దన్నారు. ఆ వారం నేను అన్నం తిన్నానో లేదో కూడా గుర్తులేదు. పీటల మీద కూర్చోవలసిన పిల్ల!

పిల్లకి తగ్గిపోయిందండీ, కంగారు పడకండి. ఆ కథ చివర్లో చెబుతాను. ముందు, ఆ తొమ్మిది రోజుల్లోనూ ఆ తర్వాతా నేను తెలుసుకున్నది మీతో పంచుకోవాలి.

తేనె కొన్నట్టే!

మా ఏజెన్సీలో తేనె కొనడం ఎలాగో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నీళ్ళలో వేసి చూడడం, అగ్గిపుల్లకి రాసి వెలిగించడం... ఇవన్నీ పట్నం వాళ్ళు చేసే పరీక్షలు. బెల్లం పాకం కలిపేవాడికి ఆ పరీక్షలు ఎలా దాటించాలో కూడా తెలిసే ఉంటుంది. మేం ఎవరు తెచ్చారో చూసి కొంటాం. అడవిలో తేనె పట్టే మనిషి అయితేనో, గిరిజన సహకార సంస్థ డిపో సరుకు అయితేనో కళ్ళు మూసుకుని తీసుకుంటాం. ముక్కూమొహం తెలియని వాడు సైకిల్ మీద వచ్చి సగం ధరకిస్తానంటే మాత్రం, "ఎందుకయ్యా సగానికిస్తున్నావు?" అని అడుగుతాం.

మేకప్ సామాను కొనేటప్పుడు కూడా నేను ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలే వేసుకుంటున్నాను. తెచ్చినవాడు ఎవడు? ఎందుకు తక్కువకి ఇస్తున్నాడు?

మొదటి ప్రశ్న దగ్గర మనలో చాలామంది పొరబడుతున్నారు. పెద్ద పేరున్న యాప్‌లో కొన్నాం కదా, ఇంక భయమేమిటి అనుకుంటాం. యాప్ అనేది సంత లాంటిది. సంత పేరు ఒకటే అయినా లోపల అంగళ్ళు వేలల్లో ఉంటాయి. సరుకు బొమ్మ కింద చిన్న అక్షరాల్లో అమ్మేవాడి పేరు వేరుగా ఉంటుంది, మనం చదవం. కిందటిసారి నేనూ చదవలేదు. నక్షత్రాలు చూసి కొంటామంటారా? 2018లో అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీ సంస్థ వాళ్ళు ఆన్‌లైన్‌లో 47 వస్తువులు కొని పరీక్ష చేయించారు. అమ్మినవాళ్ళందరికీ కొనుగోలుదారుల దగ్గర మంచి మార్కులే ఉన్నాయి. తీరా చూస్తే 20 వస్తువులు నకిలీవి. అందులో అర్బన్ డికే అనే ఖరీదైన కంపెనీ పేరుతో కొన్న మేకప్ వస్తువులు 13 ఉంటే, పదమూడూ నకిలీవే! అమెరికా వాళ్ళకే తప్పనిది మనకి తప్పుతుందా?

అదే ఏడాది ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ పోలీసులు కొన్ని దుకాణాల మీద దాడి చేసి, 7 లక్షల డాలర్ల విలువైన నకిలీ మేకప్ పట్టుకున్నారు. మ్యాక్, అర్బన్ డికే లాంటి పేర్లే. పరీక్ష చేయిస్తే వాటిలో బాక్టీరియా, జంతువుల మలం ఆనవాళ్ళు కనిపించాయట. రాయడానికే రోతగా ఉంది, కానీ తెలియాలి కదా! మన దేశం సంగతికొస్తే, 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే, తయారీదారు అడ్రసు సరిగ్గా లేని తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు తేలింది. వాటిలో పాదరసం ఉంది. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం "ఆపరేషన్ సౌందర్య" పేరుతో తనిఖీలు మొదలుపెట్టింది. మా పిల్లకి పెదాలు వాయడంతో పోయింది, దేవుడి దయ.

తగ్గింపుకి కారణం ఉండాలి

ఇక రెండో ప్రశ్న. అసలు సరుకు తక్కువకి రాదా అంటే, నిక్షేపంగా వస్తుంది. కాకపోతే దానికి చెప్పుకోదగ్గ కారణం ఉంటుంది.

పండగ అమ్మకాలు ఒక కారణం. దసరా, దీపావళి రోజుల్లో, జనవరి 26 ముందు, నవంబరులో "బ్లాక్ ఫ్రైడే" అనే అమెరికా వాళ్ళ పండగ అమ్మకాలప్పుడు కంపెనీలే ధర తగ్గిస్తాయి. నైకా వాళ్ళు నవంబరు అమ్మకానికి "పింక్ ఫ్రైడే" అని పేరు పెట్టుకున్నారు. నైకా 2012లో ఫల్గుణీ నాయర్ అనే ఆవిడ మొదలుపెట్టిన సంస్థ. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి! (నలభైలు దాటాక మనకింకేం ఉందిలే అనుకునే వాళ్ళకి ఈ మాట చెబుతూ ఉంటాను.) రిలయన్స్ వాళ్ళ టీరా 2023లో వచ్చింది. ఇలాంటి చోట్ల, లేదా కంపెనీ సొంత సైటులో, పెద్ద కంపెనీల సరుకు మీద నేను గమనించినంత వరకు పది నుంచి పాతిక శాతం దాకా తగ్గుతుంది. ఎనభై, తొంభై శాతం అని కనిపించిందా, పక్కకి జరగండి. "5,999 కొట్టివేత, 499 మాత్రమే" అని వేస్తే ఆ 5,999 నిజమో కాదో కంపెనీ సైటులో చూడండి. చాలాసార్లు ఆ ధర ఎప్పుడూ ఉండి ఉండదు.

గడువు దగ్గరపడిన సరుకు ఇంకో కారణం. ఇది మోసం కాదు, ముందే చెప్పి అమ్మితే మంచి బేరమే. కానీ మీ వాడకం చూసుకోండి. పెట్టె మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6 లేదా 12 అంకె, పక్కన ఇంగ్లీషు ఎం అక్షరం ఉంటాయి. తెరిచాక అన్ని నెలలు వాడుకోవచ్చని దానర్థం. రోజూ ఆఫీసుకి వెళ్ళే పిల్లకి ఆరు నెలల గడువు చాలు. పెళ్ళికీ పేరంటానికీ మాత్రమే రాసుకునే మనకి అది డబ్బు దండగ. కనురెప్పలకి వేసే మస్కారా అయితే తెరిచాక మూడు నుంచి ఆరు నెలలకి మించి వాడకూడదు, కంటి సంగతి కాబట్టి ఇందులో మొహమాటం వద్దు.

చిన్న సైజులు చూసి మురిసిపోకండి. ధర తక్కువే, తగ్గింపు మాత్రం కాదు! మూడు గ్రాముల లిప్‌స్టిక్ 2,100 అనుకోండి, గ్రాము 700 పడుతుంది. 1.7 గ్రాములది 1,300 అంటే గ్రాము 765. కందిపప్పు పావుకిలో, కిలో ధరలు పోల్చుకునే మనకి ఈ లెక్క ఒకరు నేర్పాలా? అయినా నేను ఒక్కోసారి చిన్నదే కొంటాను. పెద్దది పూర్తయ్యేలోపు గడువు అయిపోతే మిగిలింది పారెయ్యడమేగా.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చేది ఇంకో దారి. మనలో ఇంటికొకరైనా అక్కడ ఉన్నారు ఇప్పుడు. అక్కడ ఎస్టీ లాడర్ వాళ్ళే తమ కంపెనీల మిగులు సరుకు తక్కువకి అమ్మే "కాస్మెటిక్స్ కంపెనీ స్టోర్" అనే దుకాణాలు నడుపుతారు. మ్యాక్, క్లినిక్, బాబీ బ్రౌన్ వాళ్ళవే. మీ తోటికోడలి కొడుకు వచ్చేటప్పుడు ఒకటి తెమ్మంటే భేషుగ్గా ఉంటుంది. అయితే, "అమెరికా నుంచి మా అక్క పంపింది, తక్కువకిస్తాం" అని ఫోన్లో ప్రకటన వేసేవాళ్ళని దీనితో కలపకండి. ఆ అక్క ఎవరో మనకి తెలియదు!

ఇంకో ముక్క. ఖరీదైన లాంకోమ్, మనకందరికీ తెలిసిన మేబెలిన్, రెండూ లోరియల్ అనే ఒకే సంస్థవి. రెండూ ఒకటే సరుకని అనను గానీ, రెండు వేలు పెట్టలేని రోజున నకిలీ లాంకోమ్ కన్నా అసలు మేబెలిన్ వెయ్యి రెట్లు నయం. మన లాక్మే సంగతీ అంతే. 1952లో టాటాల చేతుల మీదుగా పుట్టింది, ఫ్రెంచి వాళ్ళు లక్ష్మిని పిలిచే పేరది. మా అమ్మ పెట్టెలో ఉన్న ఒకే ఒక్క లిప్‌స్టిక్ కూడా లాక్మేదే!

వెనక స్టిక్కరు చదవండి

అమ్మేవాడి పేరు నచ్చింది, కారణం నచ్చింది. సరుకు చేతికొచ్చాక ఏం చూడాలి? వాసన, పెట్టె మెరుపు, అక్షరాల తీరు చూడమంటారు చాలామంది. చూడండి, తప్పులేదు. స్పెల్లింగు తప్పులుంటే అక్కడే తెలిసిపోతుంది. కానీ నకిలీ వాళ్ళు ఇప్పుడు పెట్టెని అచ్చు గుద్దినట్టు చేస్తున్నారు. అందుకని నేను పెట్టె వెనక అంటించిన చిన్న తెల్ల స్టిక్కరు చదువుతాను.

విదేశీ సౌందర్య సాధనం ఏదైనా మన దేశంలో అమ్మాలంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కావాలి. 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ నంబరు, అది తీసుకున్నవాళ్ళ పేరు, అడ్రసు లేబుల్ మీద ఉండాలి. ఇంగ్లీషులో ఆర్‌సీ, కాస్ అనే అక్షరాల తర్వాత అంకెలు ఉంటాయి. దానితోపాటు ఎమ్మార్పీ, దిగుమతి చేసుకున్నవారి వివరాలు, తయారైన దేశం, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ. మన దేశంలోనే తయారైనదైతే ఎం అక్షరంతో మొదలయ్యే లైసెన్సు నంబరు చూడాలి. బ్యాచ్ నంబరు పెట్టె మీదా, లోపలి గొట్టం అడుగునా ఒకటే అయి ఉండాలి. నా పన్నెండు లిప్‌స్టిక్కుల పెట్టె మీద ఇవేమీ లేవు. పన్నెండింటికీ అడుగున ఒకటే నంబరు, ఒకటే రంగు పేరు! కళ్ళజోడు పెట్టుకుని ఒక్క నిమిషం చూసి ఉంటే చాలు.

స్టిక్కరు కూడా నకిలీది అంటించొచ్చు కదా అంటారేమో. అంటించొచ్చు. అందుకే ముందు అమ్మేవాడిని చూడమన్నాను. రెండూ కుదిరితేనే నమ్మకం. అన్నట్టు, మీ బంధువులు మీ కోసం అమెరికా నుంచి తెచ్చినదాని మీద ఈ స్టిక్కరు ఉండదు, కంగారుపడకండి. అమ్మకానికి పెట్టిన సరుకుకే ఆ నిబంధన.

పెట్టె విప్పేటప్పుడు ఇంట్లో పిల్లల చేత ఫోన్లో వీడియో తీయించండి. పార్సెల్ మీద అడ్రసు కాగితం నుంచి లోపలి గొట్టం దాకా ఆపకుండా తీయాలి. తర్వాత మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒకరోజు, వీలైతే రెండు రోజులు ఆగండి. అసలు సరుకు కూడా కొందరికి పడదు మరి.

మోసపోతే?

"మేకప్ సామాను తెరిస్తే వాపసు లేదు" అని రాసి ఉంటుంది కాబట్టి చాలామంది నోరు మూసుకుంటారు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు లోపంతో ఉన్నా, నకిలీది అయినా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. ప్రతి సంస్థకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ముంబైలో ఉన్నా మనం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి.

నేనూ 1915కి చేశాను. అమ్మినవాడి పేరు, బిల్లు, ఆర్డరు నంబరు అడిగారు. నా దగ్గర ఏముంది? ప్రకటన మాయమైపోయింది, బిల్లు లేదు, పార్సెల్ కాగితం పొయ్యిలోకి పోయింది. చట్టం ఉండీ నాకు అక్కరకు రాలేదంటే అది నా అజాగ్రత్తే. 1,299 గోదాట్లో కలిసింది. మావారు మాత్రం, "పోనీలేవే, ఫీజు కట్టి చదువుకున్నావనుకో" అన్నారు.

ఇక పెళ్ళి సంగతి. డాక్టరు చెప్పిన వారం గడిచేలోపే, కంపెనీ ఒప్పుకున్న అమ్మకందారు దగ్గర ఒకే ఒక్క లిప్‌స్టిక్ ఆర్డరు పెట్టాను. ఇరవై శాతం తగ్గింపు వచ్చింది. పెళ్ళికి రెండు రోజుల ముందు పార్సెల్ వచ్చింది. స్టిక్కరు, నంబర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూత తీస్తే లిప్‌స్టిక్ మెత్తబడి, పైన చెమట పట్టినట్టు చుక్కలు! నా గుండె ఆగినంత పనైంది. తర్వాత అర్థమైంది. మే నెల, మా మణుగూరు వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే, పార్సెల్ బండిలో గంటల తరబడి ఉంది. ఎండకి నూనె పైకి తేలిందంతే. అరగంట ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడింది. అందుకే చెబుతున్నా, మన వైపు వాళ్ళు వేసవిలో ఇలాంటివి తెప్పించకండి. సంక్రాంతి లోపే కొనిపెట్టుకోండి.

పిల్ల మోచేతికి రాసి ఒక రాత్రంతా చూశాం. ఏమీ కాలేదు. పీటల మీద ఆ ఎర్ర రంగుతో ఎంత బాగుందో! ఆడపడుచు మాత్రం పెళ్ళయ్యేదాకా నాతో ముభావంగానే ఉంది. నేనూ ఏమీ అనలేదు, ఏమంటాను?

ఆ పన్నెండు లిప్‌స్టిక్కుల్నీ ఎవరికీ ఇవ్వకుండా కత్తితో ముక్కలు చేసి పారేశాను. అసలు కంపెనీ సీసాలు, డబ్బాలు ఖాళీ అయినా సరే, అలాగే బయట వెయ్యకండి. మూత విరిచి, లేబుల్ చింపి వెయ్యండి. ఖాళీ డబ్బాలు ఏరుకుని మళ్ళీ నింపి అమ్మేవాళ్ళుంటారు.

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఆడపడుచు నుంచి ఫోటో వచ్చింది. ఏదో క్రీము పెట్టె వెనకవైపు. కింద రాసింది: "వదినా, చిన్నదానికి కొందామనుకుంటున్నా. ఇందులో నువ్వు చెప్పిన నంబరు ఎక్కడుందో కాస్త చూసి పెట్టు."

కళ్ళజోడు తెచ్చుకుని చూశాను. ఎక్కడా లేదు. "వద్దు" అని రాశాను.